మూసేసిన సందులు

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి రెండు కారణాలు. మొదటిది, నాకు రాయడం రాదు. అక్షరాలు దిద్దడం మొదలుపెట్టేసరికే ముప్ఫై ఆరో ముప్ఫై ఏడో ఏళ్ళు నాకు. ఒక ఉత్తరం సొంతంగా, తప్పుల్లేకుండా రాయగలిగేసరికి జుట్టు సగం తెల్లబడింది. రెండోది, ఇది నేను మా నాన్నని ఎన్నాళ్ళు, ఎలా మోసం చేసేనో చెప్పే సంగతి. ఆయన ఉండగా రాయడానికి చెయ్యాడలేదు.

మాది రాజోలు దగ్గర కాలవగట్టు మీద ఊరు. నాన్న మిషన్ ఆసుపత్రి బంగళాలో వంట చేసేవాడు. ఊళ్ళో అందరూ బట్లరుగారనేవారు. నాకు ఏడేళ్ళప్పుడు, తమ్ముడు ఇంకా పాకుతుండగానే అమ్మ పోయింది. నాన్న తెల్లారకుండా బంగళాకి వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవాడు. తమ్ముణ్ణి చంకనేసుకుని నేను బడికి వెళ్ళేదాన్ని. వాడు ఏడిస్తే పంతులుగారు వరండాలోకి పొమ్మనేవారు. వాడు రోజూ ఏడిచేవాడు. వరండాలోంచి నల్లబల్ల కనబడదు, మాటలు మాత్రం వినబడతాయి. ఎక్కాలు, పద్యాలు, పాఠాలు, పాటలు అన్నీ విని పట్టేసేను. నా చెవులు అయిదో తరగతి దాకా చదివేయి. కళ్ళు ఒకటో తరగతి కూడా చదవలేదు.

హాజరుపట్టీలో నా పేరు ఉండేది గనక నాన్నకి అనుమానం రాలేదు. "మా అమ్మాయి అయిదు చదివిందండి" అని బంగళాకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఆయనే బంగళాలో ఉండే దొరసానిగారిని బతిమాలి నన్ను బళ్ళో వేయించేడు మరి. సాయంత్రాలు పాటల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాడు. నేను తెరిచి పట్టుకుని, నోటికొచ్చింది చదివినట్టు అప్పచెప్పేదాన్ని. పాట గుర్తుంచుకోవడం కష్టం కాదు. పేజీ ఎప్పుడు తిప్పాలో గుర్తుంచుకోవడమే కష్టం.

పెళ్ళయిన నాలుగేళ్ళకే మా ఆయన పోతే మళ్ళీ నాన్న దగ్గరికే వచ్చేసేను. లేసు అల్లుకుంటూ ఉండేదాన్ని. మా వైపు ఆడవాళ్ళు చాలామందికి అదే పని. కొత్త డిజైను ముక్క ఒకటి చేతిలో పెడితే, కళ్ళతో ఒకసారి చూసుకుని అచ్చం అలాగే దించేసేదాన్ని. ఎక్కడ ఎన్ని వలయాలు, ఎక్కడ ఎన్ని గొలుసులు అని ఎవరూ చెప్పక్కర్లేదు.

దొరసానిగారు డెబ్బైల్లో పని మానుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయేరు. ఆవిడది స్కాట్లాండు, ఎడిన్‌బరో పట్నం. ముప్ఫై ఏళ్ళు మా దగ్గర ఉన్న మనిషి. మా మాట, మా యాస, అవునడానికి మేం అనే ఆయ్ అన్నీ ఆవిడకి వచ్చు. తెలుగులోనే ఉత్తరాలు రాసేవారు, ఏడాదికి రెండు. అప్పటికే నాన్న కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. రాయడం చేతికి అలవాటు గనక పెద్దపెద్ద అక్షరాలతో జవాబు తనే రాసుకునేవాడు. చదవడమే అందేది కాదు. ఉత్తరం రాగానే నేను చీరకొంగులో దాచుకుని వెనక వీధిలో టీచరమ్మగారి దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఆవిడ రెండుసార్లు చదివితే నాకు పట్టుబడిపోయేది. ఇంటికొచ్చి నాన్న ముందు కూర్చుని కాగితం విప్పి చదివేదాన్ని.

ఒక వేసంగిలో టీచరమ్మగారు కొత్తపేట పుట్టింటికి వెళ్ళిపోయేరు. ఉత్తరం నేరుగా నాన్న చేతికే వచ్చింది. "చదవమ్మా" అని ఎదురుగా కూర్చున్నాడు. ఆ నీలం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, నేనే చదివేను. దొరసానిగారు కులాసాగా ఉన్నారట, మోకాళ్ళ నొప్పులు తగ్గిపోయేయట, పెరట్లో గులాబీలు పూసేయట, నువ్వు చేసే కొబ్బరి పుడ్డింగు గుర్తొస్తోందట. నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ పూటే జవాబు రాసి పోస్టు డబ్బాలో వేసొచ్చేడు. టీచరమ్మగారు వచ్చేక అసలు ఉత్తరం చదివించుకుంటే, దొరసానిగారు మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారని ఉంది.

ఎనభైల మొదట్లో ఆవిడకి ఎనభై ఏళ్ళు నిండేయి. వాళ్ళ చర్చివాళ్ళు ఏం కావాలని అడిగితే, మా బట్లరుని ఒకసారి చూడాలని ఉందన్నారట. టిక్కెట్లు వచ్చేయి. కూడా ఒక ఉత్తరం. కళ్ళు కనబడని మనిషివి, చదువొచ్చినవాళ్ళని తోడు తెచ్చుకో అని. విశాఖపట్నంలో రైల్వే ఉద్యోగం చేస్తున్న తమ్ముణ్ణి తీసుకెళ్ళమన్నాను. నాన్న వినలేదు. "నా కూతురికి చదువు లేదా ఏవిటి" అన్నాడు. తమ్ముడికి నా సంగతి తెలుసు. వాడి ఏడుపు వల్లే నేను వరండాలో ఉండిపోయేనని కూడా తెలుసు. అందుకే నోరు విప్పలేదు. సెలవు పెట్టి వచ్చి, పాస్‌పోర్టు కోసం నా సంతకం ఒక డిజైనులా గీయడం నేర్పించి వెళ్ళేడు.

ఎడిన్‌బరో ఊరు చూడ్డానికి బయల్దేరింది మేం వెళ్ళిన మూడోనాడు. పొద్దున్న టిఫిను దగ్గరే నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టయింది.

"బట్లరూ, నీ మీద నాకు పాత కోపం ఒకటుంది" అన్నారు దొరసానిగారు, గుడ్డు పెంకు చెంచాతో కొడుతూ.

"చెప్పండమ్మగారూ."

"కాలు విరిగి మంచంలో ఉన్నానని రాస్తే, 'మీ కబురు విని చాలా సంతోషం, ఎప్పుడూ ఇలాగే ఉండాలని ప్రార్థన చేస్తున్నాను' అని జవాబు రాస్తావా?"

నాన్న చేతిలో టీ కప్పు ఆగిపోయింది. "నేనా అండీ?"

"నువ్వే. దాచుకున్నాను దాన్ని. దిగులేసినప్పుడల్లా తీసి చదువుకుంటాను."

ఆవిడ నవ్వుతున్నారు. నాన్న కూడా నవ్వడానికి చూసేడు. నా వైపు మాత్రం చూడలేదు. చూసుంటే బాగుండేది.

"వానకి అక్షరాలు అలుక్కుపోయుంటాయండి" అన్నాను నేను.

"అది వేసంగిలో వచ్చిందమ్మా" అన్నాడు నాన్న, కప్పులోకి చూస్తూ.

దొరసానిగారు మాతో రాలేకపోయేరు. ఆ విరిగిన కాలు సరిగ్గా అతకలేదు. పాత ఊరంతా గుట్ట మీద, ఎత్తు ఎక్కడం ఆవిడ వల్ల కాదు. అందుకని ఒక ఏర్పాటు చెప్పేరు. మమ్మల్ని బస్సెక్కిస్తారు. పైన కోట దగ్గర దిగి, కోట చూసుకుని, అక్కడనుంచి వాలుగా దిగే పెద్ద వీధిలో నడుచుకుంటూ రావాలి. దారిలో కిరీటం లాంటి గోపురం ఉన్న పెద్ద చర్చి వస్తుంది. దానికి ఎదురు వరసలో సన్నటి సందులు ఉంటాయి. అందులో ఒక సందు దిగితే కింద చిన్న పెరడు, బెంచీ. టాక్సీలో వచ్చి నాలుగింటికి అక్కడ కూర్చుంటానన్నారు.

"సందు పేరు రాసిచ్చేను. మొదట్లోనే బోర్డుంటుంది. అమ్మాయికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చుగా, చూసి కలుపుకోవడమే."

"ఆయ్, అయిదులో నేర్పేరండి దానికి" అన్నాడు నాన్న. ఆ కాగితం మడిచి కోటు లోపలిజేబులో పెట్టి, పిన్నీసు పెట్టుకున్నాడు.

ఆ పిన్నీసు తియ్యాల్సిన క్షణం గురించే ఆ రోజంతా నా ఆలోచన. కోట గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది నాన్న కోటు ఎడంవైపు.

దొరసానిగారు మమ్మల్ని ఎక్కించి ఎక్కడ దింపాలో డ్రైవరుకి చెప్పేరు. ఆయన తలాడించి "ఆయ్" అన్నాడు. నాన్న సీట్లో కూర్చున్నాక కూడా ముందుకి వంగి ఆయన్నే చూసేడు.

"విన్నావా? ఆయ్ అన్నాడు."

"విన్నాను."

"దొరసానిగారు మన దగ్గర నేర్చుకున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. వీళ్ళ ఊరి మాటేనన్నమాట. మనమే వీళ్ళ దగ్గర పట్టేసేమేమో."

ముందు సీట్లో ఒక ముసలావిడ పక్కావిడ మాటకి ఆయ్, ఆయ్ అంటూనే ఉంది. మా రాజోలు బస్సులో కూర్చున్నట్టే ఉందని నాన్నకి హుషారొచ్చింది. కిటికీలోంచి కనబడ్డ ప్రతి బోర్డూ ఏవిటని అడగడం మొదలుపెట్టేడు. రొట్టెల కొట్టు, బట్టల కొట్టు, చెప్పుల కొట్టు అని అద్దాల వెనక వస్తువులు చూసి చెప్పుకుంటూ వచ్చేను. పొద్దుటి మాట మనసులో పెట్టుకుని నన్ను పరీక్ష చేస్తున్నాడా, మామూలుగా అడుగుతున్నాడా తెలియలేదు. ఆయన గొంతులో ఏ తేడా లేదు.

కోట నల్లరాతి గుట్ట మీద ఉంది. నాన్న చెయ్యి నా భుజం మీద వేసి నడుస్తూ ప్రతి బోర్డు దగ్గరా ఆగేడు. ఏం రాసుందమ్మా. పెద్ద ఫిరంగి దగ్గర, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదట అన్నాను. ఆ మాట అంటుండగానే ఇద్దరు పిల్లలు దాని మీదెక్కి ఫొటో తీయించుకున్నారు. రాజుల గది దగ్గర, రాజు ఇక్కడే పుట్టేడట అన్నాను. ఎక్కడో ఒకచోట పుట్టే ఉంటాడు కదా. ఒక్కో అబద్ధం చెప్పి ఆయన్ని ముందుకు లాగేదాన్ని. "కాస్త నిలబడనీ, చూడ్డానికేగా వచ్చేం" అనేవాడు. అక్కడ నిలబడితే ఇంకో బోర్డు కనబడుతుందని నా భయం.

ఒకచోట గోడ మీంచి కిందికి వంగి చూస్తే చిన్న పచ్చిక మడి, దాన్నిండా చిన్నచిన్న సమాధి రాళ్ళు. మూరెడు ఎత్తు కూడా లేవు.

"సమాధుల్లా ఉన్నాయి. ఎవరివి?"

ఆ రాళ్ళ కొలత చూస్తే నాకు ఒకటే తట్టింది. "చిన్నపిల్లలవి నాన్నా."

నాకూ తమ్ముడికీ మధ్య ఒక చెల్లెలు పుట్టి పోయింది. నాన్న టోపీ తీసేడు. కళ్ళు మూసుకుని, గోడ మీద రెండు చేతులూ ఆన్చి, పెదాలు కదుపుతూ చాలాసేపు ప్రార్థన చేసేడు. ఈలోగా మా పక్కకి ఒక తల్లీ, నాలుగేళ్ళ పిల్లా వచ్చేరు. తల్లి ఎత్తుకుని చూపిస్తే, ఆ పిల్ల కింది రాళ్ళకేసి వేలు పెట్టి "డాగీ, డాగీ" అంది. తల్లి ఒక్కో రాయీ చూపించి ఒక్కో పేరు చదువుతోంటే పిల్ల భౌ భౌమంటోంది.

నాన్న కళ్ళు తెరిచేడు. బంగళాలో పనిచేసిన మనిషికి డాగంటే తెలియకపోదు.

"కుక్క కనబడిందేమో దానికి" అన్నాను.

"ఊఁ. నా కళ్ళకి ఆనలేదు." టోపీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత కోటలో ఏ బోర్డు దగ్గరా ఏం రాసుందని అడగలేదు. అడిగినప్పటికంటే అడగనప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. రోజూ వేళ తెలియడానికి పేల్చేదట, సరిగ్గా ఒంటిగంటకి కోట ఫిరంగి పేలితే ఆయన ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

గోడవార కూర్చుని, ఆయన పొద్దున్న చేసి తెచ్చిన పులిహోర తిన్నాం. ఒక్కసారి అనుకున్నాను, చెప్పేద్దామని. పులిహోర బాగుందమ్మా అన్నాడు ఆయన, తన వంటని తనే మెచ్చుకుంటూ. ఆయ్, బాగుంది అన్నాను. అక్కడితో అయిపోయింది.

పెద్ద వీధి బోర్లించిన పడవ వెన్నులా ఉంటుంది. రెండు వైపులా అయిదారు అంతస్తుల రాతి ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య గుహల్లాంటి సన్నటి సందులు కిందికి దిగిపోతాయి. మా ఊళ్ళో కాలవరేవుకి దిగే సందుల్లాగే, కాకపోతే చీకటిగా, పైన కప్పుతో. ప్రతి సందు మొదట్లోనూ పైన ఒక బోర్డు.

ఇక్కడ నాకు వచ్చిన ఒకే ఒక్క మాట గురించి చెప్పాలి. మా ఆసుపత్రిలో మందులగది కిటికీకి ఒక చెక్క వేలాడేది. ఒక వైపు తిప్పితే మందులిస్తారు. రెండోవైపు తిప్పితే మూసేసినట్టు. తమ్ముడికి జ్వరాలప్పుడు ఆ చెక్కకేసి గంటలు గంటలు చూసేదాన్ని. మూసేసిన వైపు బొమ్మ నాకు లేసు డిజైనులా అచ్చుపడిపోయింది. ముందు అల్లికసూది కొక్కెం, తర్వాత నిలబెట్టి కాలు చాపిన కర్ర, తర్వాత వలయం, తర్వాత పాము, చివర దువ్వెన. క్లోజ్. ఆ బొమ్మ కనబడితే ఇంటికి తిరిగి వెళ్ళిపోవాలి.

మొదటి సందు బోర్డు చివర అదే బొమ్మ. కొక్కెం, కర్ర, వలయం, పాము, దువ్వెన.

"ఇది మూసేసేరు నాన్నా" అన్నాను. ఆ రోజు మొత్తం మీద నేను నిజంగా చదివిన మొదటి మాట అదే. గొంతు పెంచి మరీ చెప్పేను.

తర్వాతి సందూ మూసేసేరు. దాని తర్వాతదీ. నాన్న ఆశ్చర్యపోయేడు. "ఇన్ని సందులూ ఎందుకు మూసేరంటావు?"

"ఇవాళేదో సెలవేమో."

ఒక సందు మొదట్లో పొడుగాటి ముసలాయన చీపురుతో మెట్లు ఊడుస్తున్నాడు. నాన్న ఆయన దగ్గర ఆగేడు. ఆయ్ అనేవాళ్ళందరూ మనవాళ్ళే అన్న నమ్మకం. నేను బోర్డు చూపించి "క్లోజ్?" అన్నాను.

ఆయన బోర్డుకేసి చూసి, నాకేసి చూసి, "ఆయ్, క్లోజ్" అన్నాడు.

"చూసేవా" అన్నాను నాన్నతో. ఇంత రూఢిగా చెప్పేక ఇంకేం కావాలి.

"ఆయ్ అండీ, చాలా సంతోషం" అన్నాడు నాన్న ఆయనతో తెలుగులో. ఆయన టోపీ అంచు తాకి మళ్ళీ ఊడ్చుకున్నాడు.

కిరీటం గోపురం చర్చి దగ్గరికి వచ్చేసరికి నాలుగవడానికి పావుగంట ఉంది. ఎదురు వరస సందులన్నీ చూసేను. అన్నీ మూసేసినవే. నాన్న చెయ్యి కోటు మీదికి వెళ్ళింది. "కాగితం తియ్యనా?"

"ఇక్కడ కాదేమో నాన్నా. ఇంకాస్త కిందికి పోదాం" అన్నాను.

కిందికి నడిచేం. వీధి చివర రాజభవనం ఇనప గేట్ల దాకా వెళ్ళిపోయేం. దారిలో ఉన్న సందుల్లో సగం మూసేసినవే, మిగతావాటి బోర్డులు నాకు తెలియనివి. మళ్ళీ ఎత్తు ఎక్కుతూ వెనక్కి వచ్చేం. నాలుగు కొట్టింది. సన్నగా జల్లు మొదలైంది. ఆ దేశంలో వేసంగి అంటే మా డిసెంబరే. నాన్న మోకాళ్ళు పట్టుకుని రెండుసార్లు ఆగేడు. ఎక్కడో కింద ఎనభై ఏళ్ళ మనిషి, అతకని కాలితో, తడి బెంచీ మీద మాకోసం కూర్చునుంది. కాగితం తీయిస్తే నా బతుకు బయటపడుతుంది. తీయించకపోతే ఆవిడ అలా తడుస్తూ ఉంటుంది. ఈ రెంటి మధ్యా నేను ఆ వీధిలో పైకీ కిందికీ తిరిగేను. నాన్నని కూడా తిప్పేను.

నాలుగున్నర కొట్టేక చర్చి ఎదురుగా నాన్న ఒక మెట్టు మీద కూర్చుండిపోయేడు. అప్పుడే ఒకావిడ పసిబిడ్డ బండి తోసుకుంటూ మా ముందు సందులోంచి వచ్చింది. ఆ వెంటనే ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటూ అందులోకి దిగిపోయేరు. పొరలు కమ్మిన కళ్ళకి కూడా కదిలే మనుషులు కనబడతారు.

"అమ్మాయ్."

"ఊఁ."

"ఈ సందు మూసేసేరన్నావు."

"బోర్డు మీద అలాగే ఉంది నాన్నా. ఆ ఊడ్చే ముసలాయన కూడా అన్నాడుగా."

"మూసేసిన సందులోంచి ఉయ్యాలబండి ఎలా వచ్చింది?"

నాన్న పిన్నీసు తీసేడు. కాగితం నా చేతిలో పెట్టేడు.

"చదువు."

కాగితం మీద దొరసానిగారి నీలంసిరా. పైన పెద్ద అక్షరాలు, వాటి చివర కొక్కెం, కర్ర, వలయం, పాము, దువ్వెన. మూసేసిన సందుకి రమ్మని ఎవరైనా రాస్తారా?

"చదవమ్మా."

"నాకు రాదు నాన్నా."

"ఇంగ్లీషు మర్చిపోయేవా?"

"ఇంగ్లీషు కాదు. ఏదీ రాదు."

జల్లు ఆయన టోపీ మీద పడుతున్న చప్పుడు నాకు వినబడింది. ఆయన అటు చర్చి గోపురం వైపే చూస్తున్నాడు.

"పాటల పుస్తకం?"

"నోటికొచ్చు."

"దొరసానిగారి ఉత్తరాలు?"

"టీచరమ్మగారు చదివి చెప్పేవారు."

"కాలు విరిగిన ఉత్తరం?"

"అప్పుడు ఆవిడ ఊళ్ళో లేరు."

తలూపేడు. ఏదో లెక్క సరిపోయినట్టు తలూపేడు. "పొద్దున్న సమాధులు ఎవరివి?"

"తెలీదు నాన్నా. రాళ్ళు చిన్నగా ఉన్నాయని…"

"కుక్కలకి ప్రార్థన చేయించేవు నా చేత."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ తగులుతుంది. లేచి నిలబడి మెట్టు పట్టుకున్నాడు. "నీ సంగతి తర్వాత. ఆవిడ తడుస్తోంది. ముందు సందు చూడు."

"ఎలా చూడను, చదవడం రాదంటే?"

"లేసు చదివే అల్లుతావా ఏవిటి?"

నేను కాగితం బోర్డుకి ఎదురుగా పట్టుకున్నాను. చివరి అయిదు బొమ్మలూ వదిలేసి మొదటి నుంచి మొదలుపెట్టేను. రెండు నిలువు కర్రలు, మధ్యలో అడ్డకర్ర. ఈ బోర్డుకి మొదట్లో అవి లేవు. పక్క సందు. లేవు. దాని పక్కది, వర్షంలో మెరుస్తున్న బంగారు అక్షరాలు. రెండు నిలువు కర్రలు, మధ్యలో అడ్డకర్ర. తర్వాత బొమ్మ సరిపోయింది. దాని తర్వాతదీ సరిపోయింది. వేలు పెట్టి ఒక్కో బొమ్మా కాగితం మీదా బోర్డు మీదా కలుపుకుంటూ చివరి దువ్వెన దాకా వెళ్ళేను. గంట క్రితం దాని ముందే నిలబడి, మూసేసేరని చెప్పి ఆయన్ని లాక్కుపోయేను నేను.

నాన్న చెయ్యి నా భుజం మీద వేసుకుని చీకటి మెట్లు దిగేం. కింద నిజంగానే పెరడు, చెట్టు, బెంచీ. దొరసానిగారు నీలం గొడుగు కింద ముడుచుకుని కూర్చున్నారు. పెదాలు కూడా ఆ రంగులోనే ఉన్నాయి.

"ముప్పావుగంట నుంచి కూర్చున్నాను. ఎక్కడ తప్పిపోయేరు? పోలీసులకి చెబుదామనుకుంటున్నాను."

నేను నోరు తెరిచేను. నాన్న ముందే అందుకున్నాడు. "నా కళ్ళతోటి వచ్చిందండి ఈ తంటా. అమ్మాయి ఇదే సందని చెప్తూనే ఉంది. నేనే కాదన్నాను. మూసేసుందనుకున్నానండి, క్లోజని ఉందంటే."

దొరసానిగారు ఒక్క క్షణం ఆగి, పగలబడి నవ్వేరు. ఇక్కడ క్లోజంటే సందేనట. మా పాతకాలపు మాట, బట్లరూ, మూసేసేరని కూడా చదవొచ్చని ఎనభై ఏళ్ళుగా నాకెప్పుడూ తట్టలేదు, అన్నారు దగ్గుతూ. ఆ దగ్గు టాక్సీలోనూ ఆగలేదు. ఇంటికొచ్చేక ఆవిడ కాళ్ళకి వేడినీళ్ళు పెట్టేను. నాన్న అల్లం దంచి కషాయం కాచేడు. ఆ వంటింట్లో నేనూ ఆయనా ఒకరికొకరం గిన్నెలు అందించుకున్నాం గానీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాకోసం అబద్ధమాడిన మనిషి నాతో మాట్లాడటం లేదు. ఆ ఊళ్ళో సాయంత్రం ఎంతకీ తెగదు. కిటికీ అవతల వెలుతురు పోయేదాకా గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు అందరికంటే ముందు లేచేను. నాన్న కోటు జేబులోంచి ఆ కాగితం తీసేను. టెలిఫోను పక్కన దారం కట్టి పెట్టిన పెన్సిలు తెంపుకుని, రొట్టె చుట్టి వచ్చిన కాగితం వంటింటి బల్ల మీద సాపు చేసి, చివరి అయిదు బొమ్మలూ దించేను. చేత్తో సూది పట్టడం వేరు, పెన్సిలు పట్టడం వేరు. రెండుచోట్ల కాగితం చిరిగింది. నాన్న లేచి వచ్చి పొయ్యి వెలిగించేడు. బల్లకేసి చూసేడో లేదో తెలీదు. ఉప్మాకి నూక వేయించడం మొదలుపెట్టేడు.

టీ కప్పూ ఆ కాగితమూ పట్టుకుని దొరసానిగారి గదిలోకి వెళ్ళేను. ఆవిడ దిళ్ళకి ఆనుకుని కూర్చునున్నారు. దగ్గు కాస్త నెమ్మదించింది. నిలబడే చెప్పేను.

"నిన్న దారి తప్పించింది నేనండి, నాన్న కాదు. మీ కాలు విరిగిన ఉత్తరం కూడా నేనే తప్పు చదివేను. అంటే, చదవలేదండి. నాకు చదువు రాదు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

దొరసానిగారు టీ అందుకోలేదు. నా రెండో చేతిలో కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ వైపు తిప్పి చూసేరు.

"పాము తల అటు తిరగాలి" అన్నాను నేను, ఆగలేక. "తిరగేసి పెట్టేననుకుంటానండి."

"ఆయ్" అన్నారు ఆవిడ. "తిరగబడింది. పెన్సిలేదీ?"

వంటింట్లోకి వెళ్ళి తెచ్చేను. మంచం అంచు మీద కూర్చుని, పాముని మళ్ళీ రాసేను.